పదో పేరు

ఆ శుక్రవారం పొద్దున ఇంట్లో ఉన్నది అయిదుగురు. నాయినమ్మ పోచమ్మ గోడకు ఆనుకొని కాళ్లు బారజాపుకొని కూర్చుంది. నలభై ఏళ్లు సాంచాల మధ్య, అంటే కరెంటు మగ్గాల మధ్య, తిరిగిన మనిషి కనుక ఆమెకు చెవులు సగమే పనిచేస్తాయి. పెద్దమ్మ దుర్గవ్వ పొయ్యి ముందు రొట్టెలు చేస్తోంది. పెద్దబాపు నర్సింగం తెల్ల అంగీ తొడుక్కొని, గుండీలు పెట్టుకోకుండా, గడపలో నిలబడి బీడీ తాగుతున్నాడు. వాళ్ల కొడుకు రూపేష్ అద్దంలో తల దువ్వుకుంటున్నాడు. అయిదో మనిషి మల్లిక, నర్సింగం చనిపోయిన తమ్ముడి కూతురు. ఆమె ఎప్పటిలాగే మూలన బియ్యం డబ్బా పక్కన ఒదిగి కూర్చుంది. ఎనిమిది నెలల కిందటైతే ఆరుగురని చెప్పాల్సి వచ్చేది.

"ఏ మౌనీబాబా! నా కాలా షర్ట్ ఏడ పెట్టినవ్?" అన్నాడు రూపేష్ అద్దంలోంచే.

మల్లిక లేచి తాడు మీది నల్లచొక్కా తీసి ఇచ్చింది.

"ఇస్త్రీ చేసినవా?"

తల ఊపింది.

"నోట్లె నాలిక ఉన్నదా, ఊర్ల మరిచిపోయి వచ్చినవా?" అని నవ్వి చొక్కా తొడుక్కున్నాడు. ఆ నవ్వు మామూలు నవ్వే. ఇరవై ఏళ్ల అన్న పదహారేళ్ల చెల్లెల్ని ఆటపట్టించే నవ్వు. మల్లికకు అదే భయం. ఆ నవ్వులో ఏమీ మారలేదు.

అతను బ్యానర్ కట్టడానికి వెళ్లాడు. బ్యానర్ మీద అతని స్నేహితుడు భూషణ్ ఫోటో, కింద మరాఠీలో పెద్ద అక్షరాలతో శ్రద్ధాంజలి. పదకొండు రోజుల కింద నాగావ్ గల్లీలో బండి అడ్డం పెట్టిన దగ్గర మాటా మాటా పెరిగి భూషణ్‌ను కత్తితో పొడిచారు. పదిహేడేళ్ల పిల్లవాడు. భివండిలో టెంఘర్, నాగావ్ పేటల్లోని తెలుగు ఇళ్లు అట్టుడికినట్టు ఉడికాయి. పోయిన ఏడాది కూడా ఒక పిల్లవాడు ఇట్లాగే పోయాడు, అంతకు ముందూ పోయాడు. ఈసారి ఊరుకునేది లేదని ఇక్కడి తెలుగు నేతవాళ్ల కుల సంఘమైన సమాజం సభ పెట్టింది. శుక్రవారం ఎలాగూ సాంచాలకు సెలవు. మిగతా ఆరు రోజులూ టెంఘర్‌లో ఒకరి మాట ఇంకొకరికి వినపడాలంటే చెవిలో నోరు పెట్టాలి. శుక్రవారం మాత్రం పక్కింటి గాజుల చప్పుడు కూడా వినిపిస్తుంది.

"నర్సింగం బావా, ఉన్నవా?" అంటూ దత్తాత్రి వచ్చాడు. నాగావ్‌లో ఇరవై నాలుగు సాంచాల యజమాని, సమాజం కార్యదర్శి. చేతిలో పొడుగాటి తెల్లకాగితం, నల్ల సిరా పెన్ను. "దుర్గక్కా, చాయ్ పెట్టు. ఏదీ మల్లిక బిడ్డ? నీ అక్షరం ముత్యాల లెక్కుంటదట గదా! మా పోరగాళ్లు మరాఠీ బడిల సదివి తెలుగుల వాళ్ల పేరు సుత రాసుకోరాదు. నాకూ రాదు. సిగ్గెందుకు, ఉన్న మాట!"

మల్లిక సిరిసిల్ల దగ్గరి పల్లెలో తొమ్మిది దాకా చదివింది. తండ్రి పోయాక రెండేళ్ల కింద ఇక్కడికి వచ్చింది. ఆ ఊరి బడి చదువు భివండిలో ఒక్కదానికీ పనికి రాలేదు. ఇప్పుడు మొదటిసారి పనికొచ్చింది.

సభలో చదివే పేర్ల పట్టీ తెలుగులోనే ఉండాలి. భివండికి మొదట వచ్చిన పెద్దలు పెట్టుకున్న పద్ధతి అది. చనిపోయినవాళ్ల పేర్లు మన అక్షరాల్లో రాసి, పెద్దమనిషి మైకులో చదువుతాడు. పేరు చదవగానే ఆ ఇంటి పెద్ద లేచి నిలబడి 'మావాడే' అంటాడు. అట్లా అన్నాకనే ఆ చావు సమాజానిదవుతుంది, దానికి సమాజం జవాబు అడుగుతుంది. తర్వాత మరాఠీలో టైపు చేయించి పోలీసులకు ఇస్తారు. తెలుగు చదవగలిగిన పెద్దల్లో ఇంక మిగిలింది ముసలి గాలయ్య ఒక్కడే. సాయంత్రం చదివేది ఆయనే.

"అయిదేండ్లల్ల కొట్లాటలల్ల సచ్చిన మన పిల్లలు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎట్ల సచ్చిండు. రాస్కో." దత్తాత్రి వేళ్లు ముడుస్తూ చెప్పాడు. గణపతి నిమజ్జనం నాడు కత్తిపోటుకు పోయినవాడు. లోకల్ రైలుబండిలో సీటు దగ్గర గొడవై తోస్తే పోయినవాడు. క్రికెట్ బ్యాటుతో కొడితే పోయినవాడు. పదహారు, పందొమ్మిది, పదిహేను. చివర భూషణ్. మొత్తం ఎనిమిది మంది. ఎనిమిది మందీ మగపిల్లలు, ఎనిమిది మందీ సొంత సాంచాలున్న ఇళ్లవాళ్లు.

దత్తాత్రి గొంతు పెద్దది కనుక పోచమ్మకు కూడా వినపడింది.

"కనుకయ్య బిడ్డను రాయలే?" అంది.

"ఏ బిడ్డ అవ్వా?"

"స్టవ్వు పేలిందన్నరు సూడు, గా పోరి. ఏడికెల్లి పేలింది? నేను పోయి సూసిన, స్టవ్వు సక్కగ నిలవడే ఉండె. పోరి కాలింది. ఆగమ్మ మనుమరాలు ఎలుకల మందు తాగింది. అంకుశం బిడ్డ దూలానికి. పదారు నిండలే ఒక్కదానికి."

"అవి ఇంట్ల ముచ్చట్లవ్వా. ఇది సమాజం ముచ్చట. పోరగాళ్లు బజాట్ల సచ్చిండ్రు. ఇంట్ల సచ్చినదానికి పోలీసోళ్లను ఏమని అడుగుతం?"

"సావు సావు గాదా?"

పొయ్యి దగ్గర దుర్గవ్వ చేయి ఆగింది. పెనం మీద రొట్టె మాడు వాసన వచ్చింది.

"ఊకో అవ్వా," అన్నాడు నర్సింగం. పోచమ్మ ఊరుకుంది. దుర్గవ్వ మాడిన రొట్టెను తీసి పక్కన పడేసింది.

మల్లిక కాగితం మీంచి తల ఎత్తలేదు. అట్లా ఇంట్లో చనిపోయిన ఆడపిల్ల ఈ ఇంటిలోనూ ఉంది. ఈ బండల మీదే, ఇప్పుడు దత్తాత్రి మామ కాళ్లు పెట్టుకున్న చోటే.

నమ్రత నర్సింగం కూతురు, రూపేష్ చెల్లెలు. పదిహేడేళ్లు. నోరు పెట్టుకొని బతికే పిల్ల. మల్లికకు ఇక్కడి హిందీ నేర్పింది, ఆటోవాడితో ఎట్లా దెబ్బలాడాలో నేర్పింది. ఒకరోజు స్నేహితురాలితో పోయి కొత్త డ్రెస్సులో ఫోటో దిగి వచ్చింది. స్టూడియోవాడు అడగకుండానే ఆ ఫోటోను అద్దాల బీరువాలో బజారు వైపు పెట్టాడు. భూషణ్ అది చూసి నలుగురిలో రూపేష్‌తో, "నీ చెల్లెకు రోజూ సలాం కొట్టి పోతున్నం యార్," అన్నాడు. అన్నది అంతే.

రూపేష్ ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. సాంచాలు నడుస్తున్నాయి. అరుగు మీద మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడె ఒకటి ఉంది. బరువైన కర్ర, రెండు కొసలకూ ఇనుప మొనలు. మొన అరిగిందని మార్పించడానికి పెద్దబాపు తెచ్చి పెట్టినది. నమ్రత అప్పుడు సామాన్ల అటక మీదికి వేసిన నిచ్చెన పక్కన నిలబడి జడ వేసుకుంటోంది. "ఫోటో దిగితే ఏమైతది? నువ్వు దిగుతలేవా?" అంది. రూపేష్ నాడె అందుకున్నాడు. ఒక్కటే దెబ్బ. మల్లిక అరిచింది. తన అరుపు తనకే వినపడలేదు. నమ్రత తల మల్లిక ఒళ్లో ఉంది. రూపేష్ నేల మీద కూలబడి, "పడ్డది, నిచ్చెన మీదికెల్లి పడ్డది," అని ఏడుస్తున్నాడు. అప్పుడే నల్లా నీళ్ల బిందెతో దుర్గవ్వ వచ్చింది. కూతుర్ని చూసింది, కొడుకును చూసింది, నేల మీది నాడెను చూసింది. బిందె దించి, ముందు నాడెను కడిగింది.

దవాఖానాలో ఒక పోలీసు మల్లికను అడిగాడు. నిచ్చెన మీంచి పడిందట కదా, నువ్వు చూశావా అని. మల్లిక తల ఊపింది. కాగితం మీద అదే ఎక్కింది. దహనం దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది రూపేష్. అతను చంపాలని కొట్టలేదని మల్లికకు తెలుసు. కానీ కొట్టానని ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారి, ఒక్కరితో అనలేదు. ఇప్పుడు స్నేహితుడికి న్యాయం కావాలని బ్యానర్ కడుతున్నాడు.

గడప బయటినుంచి ఎవరో దగ్గారు. లస్మవ్వ. నర్సింగం కార్ఖానాలో నూలు కండెలు చుట్టే మనిషి. పాలమూరు వైపు నుంచి కూలికి వచ్చిన కుటుంబం. ఆమె ఎప్పుడూ గడప దాటి రాదు, వీళ్లూ రమ్మనరు. కింది మెట్టు మీద కూర్చొని, "నా కొడుకు పేరు సుత రాయిండ్రి సేటూ," అంది.

ఆమె కొడుకు సిద్ధార్థ భూషణ్ పడిపోయిన గల్లీలోనే పనిచేసేవాడు. అందరూ షట్టర్లు దించుకుంటుంటే వాడొక్కడే ఉరికి భూషణ్‌ను లేపబోయాడు. వాడి కడుపులోనూ కత్తి దిగింది. మర్నాడు పోయాడు. పద్దెనిమిదేళ్లు. బ్యానర్ మీద వాడి ఫోటో లేదు.

దత్తాత్రి ఇబ్బందిగా కదిలాడు. "నీ కొడుకు మంచోడు లస్మవ్వా, కాదంటలేను. గని ఇది సమాజం పట్టీ. పేరు సదివితే లేసి నిలవడాలె. మీరు మా సమాజమోళ్లు గాదాయె. ఎవలు నిలవడ్తరు?"

"నేను నిలవడ్త."

"ఆడోళ్లు లోపలికి రారు గదా."

"గేటు కాడ నిలవడ్త. గేటుకు సుత సమాజం ఉంటదా సేటూ?"

నర్సింగం బీడీ ఆర్పాడు. "రాయనియ్యి బావా. తొమ్మిదైతయ్. అంకె పెద్దగుంటె పోలీసోళ్లు ఇంటరు."

"సరే. బిడ్డా, 'ఇంకొక కార్మికుడు' అని రాయి. పేరొద్దు."

"వానికి పేరున్నది," అంది లస్మవ్వ. అరవలేదు. మల్లిక వైపు చూసి, పిల్లలకు చెప్పినట్టు మళ్లీ చెప్పింది. "సిద్ధార్థ. వాళ్ల బాపు పెట్టిండు."

మల్లిక రాసింది. సిద్ధార్థ. తల్లి లస్మవ్వ. పద్దెనిమిది. భూషణ్‌ను లేపబోయి కత్తిపోటు.

దత్తాత్రి వంగి ఆ వరుస మీదే వేలు పెట్టాడు. "రాసినవా? ఇంకొక కార్మికుడు?"

మల్లిక తల ఊపింది.

"శెభాష్! సక్కగ ఉన్నది." ఆయన చాయ్ తాగి లేచాడు. "సిరా ఆరనియ్యి. మేము కుర్చీలు సూసి వస్తం. అరగంటల పట్టుకపోత."

మగవాళ్లిద్దరూ వెళ్లారు. లస్మవ్వ మెట్టు దిగి వెళ్లింది. మల్లిక కాగితాన్నే చూస్తూ ఉండిపోయింది. ఈ ఇంట్లో దీన్ని చదవగలిగినది తనొక్కతే. గాలయ్య చేతికి చేరేదాకా ఇందులో ఏముందో ఇంకెవరికీ తెలియదు.

ఆమెకు ఇంకో ఇల్లు లేదు. తల్లి ఊళ్లో మేనమామ పంచన బీడీలు చుట్టుకొని బతుకుతోంది. 'పెద్దబాపు నీడల ఉండు బిడ్డా, ఈడ జాగ లేదు' అని ఎవరి చేతో రాయించి పంపింది. పెన్ను మూత పెట్టేస్తే అయిపోతుంది. సాయంత్రం తొమ్మిది పేర్లు చదువుతారు, రాత్రికి అన్నం తిని పడుకుంటారు. నమ్రత నిచ్చెన మీంచి పడినదిగానే మిగిలిపోతుంది. ఆ మాటకు సాక్షి మల్లికే.

ఆమె మూత పెట్టలేదు. పెన్ను మళ్లీ కాగితానికి ఆనించింది.

"ఎవరెవరివి రాసినవ్? సదువు," అంది వెనకనుంచి దుర్గవ్వ, పిండి చేతులతో.

మల్లిక మెల్లగా చదివింది. భూషణ్ అయ్యాడు. సిద్ధార్థ అయ్యాడు. ఆగింది.

దుర్గవ్వకు ఒక్క అక్షరం రాదు. కానీ ముప్పై ఏళ్లు పడుగు పోగులు కంటితో లెక్కపెట్టిన మనిషి. "తొమ్మిది సదివినవ్," అంది. "గీతలు పదున్నయ్."

వీధిలో ఎవరో మైకు సరిచూస్తూ అంకెలు లెక్కపెడుతున్నారు.

"పదోది అక్క," అంది మల్లిక.

దుర్గవ్వ కొంగుకు వేలు తుడుచుకొని ఆ గీత మీద ఆనించింది. "ఇదేనా నా బిడ్డ పేరు? గింతేనా?"

"మూడే అక్షరాలు పెద్దమ్మా."

"మీ నాయినమ్మ తన పేరే పెట్టాలని కొట్లాడింది. నేనే ఒద్దన్న. టీవీల ఇన్న గీ పేరు, మంచిగనిపించింది." వేలు తీసేసి, "ఎట్ల సచ్చిందని రాసినవ్? నిచ్చెన అనే గదా?" అని అడిగింది.

మల్లిక తల దానంతటదే ఊగింది.

దత్తాత్రి తిరిగి వచ్చి గడపలో నిలబడి చేయి చాపాడు. కాగితాన్ని మడిచి ఆయన చేతికి ఇచ్చింది దుర్గవ్వే.

నాలుగు గంటలకు సభ మొదలైంది. మగవాళ్లంతా హాల్లో ఉన్నారు. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు తలుపు తీసి పెట్టుకొని కూర్చున్నారు. హాలు రెండు గల్లీల అవతల. సాంచాలు లేకపోయేసరికి గాలయ్య ఊపిరి పీల్చడం కూడా మైకులో వినిపిస్తోంది. ఆయనకు కళ్లజోడున్నా చూపు అంతంతమాత్రమే. ఒక్కొక్క మాటనూ కూడబలుక్కొని చదువుతున్నాడు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎట్లా పోయాడో. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు. 'మావాడే.' ఇంకో పేరు. ఇంకో కుర్చీ.

భూషణ్ పేరు దగ్గర పిల్లలు నినాదాలిచ్చారు. అందులో రూపేష్ గొంతును మల్లిక గుర్తుపట్టింది.

"సిద్ధార్థ. తల్లి... లస్మవ్వ," అన్నాడు గాలయ్య. హాల్లో గుసగుసలు. కుర్చీ ఏదీ జరగలేదు. అప్పుడు మైకుకు చాలా దూరంగా, గేటు దగ్గరనుంచి, ఒక ఆడగొంతు: "మావాడే."

"నమ్రత. తండ్రి నర్సింగం."

దుర్గవ్వ లేచి నిలబడింది. ఇంట్లోనే, పొయ్యి పక్కనే, కొంగు భుజం నిండా కప్పుకొని నిలబడింది. పెదవులు కదిలాయి.

"వయసు పదిహేడు. తలకు... నాడె దెబ్బ. కొట్టింది..." ముసలాయనకు అక్షరం ముందు, అర్థం తర్వాత. "కొట్టింది అన్న... రూపేష్."

మైకు కీచుమని అరిచి ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. పక్కింట్లో కుక్కర్ కూత పెట్టింది.

"మన పోరి పేరు సదివిండా?" అంది పోచమ్మ కళ్లు తుడుచుకుంటూ. ఆమెకు అంతవరకే వినపడింది. "నమ్రత అన్నట్టనిపించింది. మంచిగ సదివిండు గాలయ్య."

దుర్గవ్వ ఇంకా నిలబడే ఉంది. "నిచ్చెన అని తల ఊపినవ్ గదే," అంది.

"అబద్దమాడిన పెద్దమ్మా. దవాఖానల సుత ఆడిన." మల్లికకు తన గొంతు తనకే కొత్తగా ఉంది. "ఇగ ఆడలేను."

కొడుతుందనుకుంది. దుర్గవ్వ కొట్టలేదు. మణికట్టు పట్టుకొని లేపింది, గడప దాటించింది, మెట్టు మీద నిలబెట్టింది. చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పడేసింది. హాలు వైపునుంచి కేకలు దగ్గరవుతున్నాయి.

"వాడు ఉరుక్కుంట వస్తడు. వచ్చేటాలకు నువ్వు ఈడ కనవడద్దు."

"ఏడికి పోవాలె పెద్దమ్మా?"

"నాకు తెల్వది. నాకిద్దరు పిల్లలుండిరి. ఒకదాన్ని కాలవెట్టిన. ఉన్నొక్కన్ని నువ్వు మైకుల పెట్టినవ్."

"అక్క పేరు..."

"ఇన్న," అంది దుర్గవ్వ. ఒక క్షణం మల్లిక ముఖంలోకి చూసింది. తర్వాత తలుపు మూసి లోపల గడియ పెట్టుకుంది.